డెల్మార్ కుచెరా గాల్లో ఆవుని గుద్దిన సంగతి

మా ఎల్క్ బెండ్‌లో కారు ఇన్సూరెన్స్ గురించి తెలియని మనిషి ఉన్నాడంటే, ఆ మనిషి పొద్దుటిపూట కో-ఆప్ పెట్రోలు బంకుకి రావడంలేదని అర్థం. అక్కడ కాఫీ యంత్రం పక్కన, కిటికీ వారగా ఒక పొడుగాటి బల్ల ఉంది. పొలం పన్లు లేనివాళ్లమూ, ఉండీ ఎగ్గొట్టేవాళ్లమూ దాని చుట్టూ చేరతాం. పాచికలు గిలకరిస్తాం, ఓడినవాడు అందరికీ కాఫీ పోయిస్తాడు. ఆ పైన డెల్మార్ కుచెరా మాట్లాడతాడు, మిగతావాళ్లం వింటాం. వినకపోతే ఊరుకోడు, వింటే ఆపడు. నేను ఉద్యోగమంతా ఈ చుట్టుపక్కల పల్లెలకి టపా పంచినవాణ్ణి. కుక్కల్ని ఓర్చుకున్నాను, మంచుని ఓర్చుకున్నాను. డెల్మార్ కూడా ఆ వరసలోనే అలవాటైపోయాడు.

మొన్న మే నెలలో ఒక పొద్దున మాట మొదలెట్టింది నిజానికి డెల్మార్ కాదు, రొక్సాన్. కౌంటర్‌లో ఉండే అమ్మాయి. అమ్మాయంటే నలభై దాటాయి, మా బల్లకి మాత్రం అమ్మాయే. కాఫీ జగ్గు పట్టుకొచ్చి మా కప్పులు నింపుతూ, "నా కారు ఇన్సూరెన్స్ మళ్లీ పెంచారు," అంది. "ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క చలానా లేదు. వాళ్లకి నేనేం అపకారం చేశానో అర్థం కావడంలేదు. తప్పనిసరిగా ఉండాల్సిందొక్కటి ఉంచి మిగతావన్నీ తీయించేద్దామనుకుంటున్నా. సాయంత్రం వర్జిల్‌కి ఫోన్ చేస్తా."

వర్జిల్ ఇన్సూరెన్స్ ఏజెంటు. ఊరు మొత్తానికి అతనొక్కడే.

"వడగళ్లది కూడా తీయించేస్తావా?" అన్నాడు వెండెల్. వెండెల్‌ది మొక్కజొన్న సేద్యం. ఆకాశం మాటెత్తితే చాలు, ముఖం వాడిపోతుంది. "దానికంటే నీ వాటా పెంచుకో. బాగుచేయించేటప్పుడు ముందు నీ జేబులోంచి పెట్టుకునేది ఉంటుంది చూడు, అది. అది ఎక్కువ పెట్టుకుంటానంటే రేటు తగ్గిస్తారు."

"వడగళ్లు పడితే పడతాయి లెండి. సొట్టలు పడ్డ కారు నడవదా ఏంటి?"

డెల్మార్ కప్పు కింద పెట్టాడు. అతను కప్పు కింద పెట్టాడంటే ఇక కాఫీ చల్లారిపోవడమే. "తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా వర్జిల్‌ని అడగడమెందుకో నాకు తెలియదు," అన్నాడు.

"మొదలైంది," అంది ఆర్డిత్.

ఆర్డిత్ వానెక్ స్కూలు బస్సు నడిపి రిటైరైంది. డెల్మార్‌తో ఒకే తరగతిలో చదువుకుంది కాబట్టి అతని మాటలు మా అందరికంటే ఎక్కువ ఏళ్లు విన్నది ఆమే. ఆమె మొగుడు మైలోకి మూత్రపిండాలు పనిచెయ్యవు. రోజు విడిచి రోజు అతన్ని కారులో కార్నీ టౌనులో ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం శుభ్రం చేయించుకొస్తుంది. వెళ్లక్కర్లేని పొద్దుల్లో ఇక్కడికొచ్చి కూర్చుంటుంది.

"చూడమ్మాయ్," అన్నాడు డెల్మార్, ఆర్డిత్ మాట వినపడనట్టు. "ఇన్సూరెన్స్ అంటే మూడే మూడు. నువ్వు ఎదుటివాడికి చేసింది ఒకటి, నువ్వు నీకు చేసుకున్నది రెండు, దేవుడు నీకు చేసింది మూడు. మొదటిది లేకుండా రోడ్డెక్కావంటే పోలీసు పట్టుకుంటాడు. రెండోది నువ్వు పోయి స్తంభాన్ని గుద్దినప్పుడు. మూడోది వడగళ్లు, దొంగ, నిప్పు, జింక. జింకని గుద్దావా, అది దేవుడి ఖాతా. జింకని తప్పించబోయి కంచెని గుద్దావా, అది నీ ఖాతా, రేటు నెత్తెక్కి కూర్చుంటుంది. తేడా తెలిసిందా? అదే బండి, అదే జింక."

ఇంతవరకూ అన్నీ నిజాలే. డెల్మార్‌తో వచ్చిన చిక్కే అది. మొదట నిజమే చెప్తాడు.

"మరి నేనేం చెయ్యకుండా నా రేటెందుకు పెరిగింది?" అంది రొక్సాన్.

"నువ్వు చెయ్యకపోతే ఏం, పక్కవాడు చేశాడుగా. అందరం తలా కాస్త తెచ్చి ఒకే కుండలో పోస్తాం. నిరుడు వడగళ్లకి ఈ కౌంటీలో కప్పు చితకని కారుందా? కుండ అడుగంటింది. మళ్లీ నింపొద్దూ? ఇక నువ్వుండేది ఏ ఊరు, ఎంత దూరం తిరుగుతావు, వయసెంత, అప్పులు వేళకి తీరుస్తున్నావా లేదా, అన్నీ చూస్తారు. నీ ముఖం ఒక్కటి చూడరు. చూస్తే జాలిపడేవాళ్లు."

"మెచ్చుకున్నారా, తిట్టారా?"

"ముందు విను. నాకూ ఇట్లాగే పెంచారు. నేనేం చేశాను? వర్జిల్‌కి ఫోన్ చేశా. ఒక్కసారే. 'ఒరే వర్జిల్, నేను ధాన్యం గోదాములో పని మానేసి ఎన్నాళ్లైంది? ఇంటి నుంచి ఈ బంకు, బంకు నుంచి ఇల్లు, అంతే నా తిరుగుడు. నువ్వేమో నేనింకా రోజూ డ్యూటీకి పరిగెత్తుతున్నట్టు లెక్క కడుతున్నావు. సరిచెయ్,' అన్నా. అతను కాగితాలు తిరగేశాడు. 'నిజమే డెల్మార్, నువ్వు చెప్పిందే కరెక్టు,' అన్నాడు. తగ్గించాడు."

అక్కడ ఆపి ఉంటే మేమందరం ఇళ్లకెళ్లి వర్జిల్‌కి ఫోన్లు చేసుకునేవాళ్లం. ఊరికి కాస్త మేలు జరిగేది.

"తగ్గించాడు సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు డెల్మార్. "వర్జిల్‌కి ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే ఓమాహాలో పెద్దాఫీసుకి ఫోన్ చేశాడు. 'మా ఊళ్లో ఒక మనిషున్నాడు, మీ లెక్క తప్పని ఒక్క మాటలో తేల్చాడు,' అని చెప్పాడు. వాళ్లకి గుండె జారింది. లెక్కలు కట్టే పెద్దమనుషులుంటారే, నువ్వెప్పుడు గుద్దుతావో, ఎక్కడ గుద్దుతావో ముందే చెప్పేవాళ్లు, వాళ్లలో అందరికంటే పెద్దాయన, టై కట్టుకుని, తిన్నగా మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ బెవర్లీ వేడివేడిగా కొలాచీలు, అవే మా తీపి బన్నులు, తీసి పెట్టింది. గసగసాలవి. తిన్నాడు, పెదాలు తుడుచుకున్నాడు. 'కుచెరా గారూ, మీరు బండెలా నడుపుతారో మాకు ఒక్కసారి తెలియాలి,' అన్నాడు."

"ఆయన పేరేంటి?" అన్నాడు వెండెల్.

"అంత పెద్దవాళ్లు పేర్లు చెప్పుకోరు. విను. నా పికప్‌లో వేలెడంత డబ్బా ఒకటి పెట్టారు."

"నాకూ ఇస్తామన్నారు అది," అంది రొక్సాన్. "బ్రేకు గట్టిగా తొక్కినా, మలుపు జోరుగా తిప్పినా వాళ్లకి చెప్పేస్తుందట. మెల్లగా నడిపితే రేటు తగ్గుతుందట."

"నీకు ఇస్తామన్నారు. నన్ను బతిమాలుకున్నారు. సరే, పెట్టుకోనిచ్చా. కొన్నాళ్లకి ఓమాహా నుంచి ఫోను. బెవర్లీ ఎత్తింది. ఒక ఆడమనిషి ఏడుపు గొంతుతో, 'అమ్మా, మీ ఆయన పోయిన సంగతి ఇప్పుడే తెలిసింది, ధైర్యంగా ఉండండి,' అంది. బెవర్లీ తిరిగి చూస్తే నేను కుర్చీలో కూర్చుని టీవీ చూస్తున్నా. ఏంటంటే, ఆ డబ్బాకి నా బండి కదులుతున్నట్టే తెలియడంలేదు. అంత మెత్తగా నడుపుతున్నా. బండి షెడ్డులో తుప్పు పడుతోంది, మనిషి పోయాడు అనుకున్నారు."

"ఆ డబ్బా తప్పేం లేదు," అన్నాడు వెండెల్. "మొన్న నీ వెనకాల ట్రాక్టర్ తోలుకుంటూ వచ్చా. నాకూ నువ్వు కదులుతున్నట్టు తెలియలేదు."

డెల్మార్ దాన్ని పొగడ్తగానే తీసుకున్నాడు. "చూశావా అమ్మాయ్, సాక్ష్యం. అప్పుడు నా రేటు ఇంకా తగ్గించారు. తగ్గించి తగ్గించి అడుగుకి తెచ్చారు. ఇంక తగ్గించడానికేం లేదు, అయినా వాళ్లకి తృప్తి లేదు. 'కుచెరా గారూ, ఇకమీదట మీరు కట్టొద్దు, నెలనెలా మేమే మీకు కడతాం, మీరు రోడ్డు మీద ఉంటే మిగతావాళ్లు చూసి నేర్చుకుంటారు,' అన్నారు."

"కడుతున్నారా?" అన్నాను నేను. ఊరి టపా అంతా నా చేతిమీదుగా పోయింది కాబట్టి ఆమాత్రం అడిగే హక్కు నాకుంది.

"టపాలో రాదులే. నువ్వు కంగారుపడకు. ఇక్కడ జింక సంగతి వస్తుంది, వినండి. కోళ్లఫారం దాటాక స్టాప్ బోర్డుంది చూడండి, అక్కడ ఆగి ఉన్నా. చెప్తున్నా కదా, ఆగి ఉన్నా. పూర్తిగా. ఎడమకి చూశా, కుడికి చూశా, మళ్లీ ఎడమకి చూశా. వెనక నుంచి దబ్ అని ఒక జింక వచ్చి గుద్దింది. ఆగి ఉన్న బండిని గుద్దితే తప్పెవరిది?"

"గుద్దినవాడిది," అంది ఆర్డిత్.

"అదీ. గుద్దినవాడిది. ఎక్కడికెళ్లినా అదే చట్టం. మీరంతా ఏమనుకుంటారు, జింక కాబట్టి దేవుడి ఖాతా అనుకుంటారు. నేను పోయి దాన్ని గుద్దితే కదా దేవుడి ఖాతా. ఇక్కడ అదొచ్చి నన్ను గుద్దింది. దానికి ఇన్సూరెన్స్ ఉందా? లేదు. ఇన్సూరెన్స్ లేనివాడు వచ్చి గుద్దితే మనకి ఇచ్చేది ఇంకొకటుంది, అది మీలో సగం మందికి తెలియదు. నాకు తెలుసు. అందుకని దాన్ని పోనివ్వలేదు. వర్జిల్‌కి ఫోన్ చేసి, అతనొచ్చేదాకా దాన్ని గట్టు మీద కూర్చోబెట్టా."

"కూర్చుందా?"

"ఎందుకు కూర్చోదు? తప్పు దానిదని దానికి తెలుసు. వర్జిల్ వచ్చి అడిగాడు, 'నువ్వు వేగంగా వస్తున్నావా?' అని. తలూపింది."

"లైసెన్సు చూశారా?" అంది ఆర్డిత్.

"చూడ్డానికేముంది, ఈ చుట్టుపక్కల జింకే. ముఖం ఎరిగిందే."

రొక్సాన్ నవ్వుతూ కౌంటర్ వెనక్కి పోయింది. అయితే చెవి మాత్రం ఇటే ఉంచింది. డెల్మార్ అది గమనించి గొంతు పెంచాడు.

"అందుకే చెప్తున్నా అమ్మాయ్, తీయించెయ్. అవన్నీ ఎందుకు నీకు? మనిషికి నోరుంటే కవరేజీ అక్కర్లేదు. నాకు ఏ కాగితమూ లేదు, కంపెనీ మాత్రం నా వెనకాల ఉంది. ఎందుకుందో తెలుసా? సుడిగాలి వల్ల."

"ఏ సుడిగాలి?" అన్నాడు వెండెల్. అతనికి ఏ సుడిగాలి ఏ రోజు ఎటుపోయిందో అన్నీ గుర్తే.

"మీవైపు రాలేదులే. నా ఒక్కడికే వచ్చింది. సైరన్ మోగుతోంది. బెవర్లీ నేలమాళిగలోకి దిగింది. నేను పికప్‌ని షెడ్డులో పెడదామని ఎక్కా. తాళం తిప్పానో లేదో, చక్రాలు లేచిపోయాయి. మీరైతే ఏం చేస్తారు? స్టీరింగ్ వదిలేసి దేవుడా అంటారు. నేను సీటు బెల్టు చూసుకున్నా. లైట్లు వేశా. సుడిగాలి ఎడమకి తిరుగుతుంది కాబట్టి ఎడమ సిగ్నల్ ఇచ్చా. కింద చూస్తే మన నీళ్ల ట్యాంకు, మన చర్చి, లూథరన్ల చర్చి, వెండెల్ వాళ్ల పొలం. వెండెల్, నీ పొలంలో ఉత్తరం మూల సాళ్లు వంకరగా ఉన్నాయి, ఎప్పణ్ణించో చెబుదామనుకుంటున్నా."

"ఉన్నాయి," అని ఒప్పుకున్నాడు వెండెల్. పాపం, అతను నిజాయితీపరుడు.

"చూశారా. పైనుంచి చూడకపోతే నాకెలా తెలుస్తుంది? సరే, అట్లా తిరుగుతూ ఉన్నా. తిరుగుతూ ఉండగా నా కుడివైపు నుంచి ఒక ఆవు వస్తోంది. లూమిస్ వాళ్ల ఆవు. ఎర్ర ఒళ్లు, తెల్ల ముఖం. అది కూడా తిరుగుతోంది, కాకపోతే నాకంటే కొంచెం జోరుగా. కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకి ముందు దారివ్వాలి. అవునా? గాల్లో ఉన్నంత మాత్రాన ఆ చట్టం మారుతుందా? మారదు. బ్రేకు తొక్కా. గాల్లో బ్రేకేం పడుతుంది. హారన్ కొట్టా. ఆవు నా వైపు చూసింది. నేను దాని వైపు చూశా. మేమిద్దరం ఒకళ్లనొకళ్లం అర్థం చేసుకున్నాం. మెత్తగా తగిలింది."

"ఎవరు ఎవరికి తగిలారు?"

"అదీ ప్రశ్న," అన్నాడు డెల్మార్, వేలు బల్లమీద పొడుస్తూ. అతని కళ్లు మెరుస్తున్నాయి. "సరిగ్గా అదే ప్రశ్న. దించేటప్పుడు సుడిగాలి నన్నెక్కడ దించిందో తెలుసా? ఓమాహాలో, ఆ కంపెనీ ఆఫీసు ముందు, పార్కింగ్‌లో. రెండు గీతల మధ్యన. గీత తొక్కలేదు. ఆవుని పక్క గీతల మధ్య దించింది. లోపల్నుంచి లాయర్లు పరిగెత్తుకొచ్చారు. సగం మంది 'గాలి ఎత్తింది కాబట్టి ఇది దేవుడి ఖాతా' అంటారు. సగం మంది 'స్టీరింగ్ ఇతని చేతిలో ఉంది కాబట్టి ఇది గుద్దుడు ఖాతా' అంటారు. కాలర్లు పట్టుకునేదాకా వచ్చారు. వాళ్లలో ఒకావిడ ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది, ఇన్నేళ్లూ నేర్చుకున్నదంతా వృథా అని. అప్పుడు నేనే లేచి చెప్పా. 'ఆగండి. నన్ను ఎత్తింది దేవుడు, ఆవుని గుద్దింది నేను. తప్పు నాది. నాకేం వద్దు. ఆవుకి ఇవ్వాల్సింది ఆవుకివ్వండి. ఎదుటివాడి నష్టం ఎదుటివాడికి ముట్టకపోతే ఇంక ఇన్సూరెన్స్ దేనికి?' అన్నా. ఇచ్చారు. లూమిస్‌ని అడగండి."

లూమిస్ పొలం అమ్ముకుని అరిజోనా వెళ్లిపోయి చాలా కాలమైంది. డెల్మార్ సాక్షులు ఎప్పుడూ అంత దూరంలోనే ఉంటారు.

"అక్కణ్ణించి వాళ్లు నన్ను వదల్లేదు," అన్నాడు. "చైర్మన్ స్వయంగా కిందికి దిగొచ్చాడు. ఆయన ఏమన్నాడో తెలుసా?"

ఆ సంగతి అప్పుడు తెలియలేదు. డీజిల్ ట్యాంకర్ వచ్చి పంపుల దగ్గర ఆగి హారన్ కొట్టింది. రొక్సాన్ కిటికీలోంచి చూసి, "పెద్దాయనా, మీ పికప్ వాడి దారికి అడ్డంగా ఉంది, కాస్త జరపండి," అంది.

మామూలు మనిషైతే కథ ఆపి, బండి జరిపి, వచ్చి చెప్తాడు. డెల్మార్ లేచి, తలుపు తీసి, వెనక్కి మా వైపు చూస్తూనే నడిచాడు. "చైర్మన్ నా చెయ్యి పట్టుకున్నాడు," అన్నాడు గుమ్మంలోంచి. పికప్ ఎక్కాడు. అద్దం దించాడు. మా కిటికీ కూడా తీసే ఉంది కాబట్టి అన్నీ వినపడుతున్నాయి. "'కుచెరా గారూ, మీరు ఒక్కటంటే ఒక్క క్లెయిమ్ పెట్టండి,' అన్నాడు." బండి వెనక్కి కదిలింది. డెల్మార్ తల బయటపెట్టి మా వైపే చూస్తున్నాడు, ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఒక చెయ్యి చైర్మన్ చెయ్యి ఎట్లా పట్టుకున్నాడో చూపించడానికి. "'మీకు డబ్బిచ్చే భాగ్యం మాకు కలిగించండి,' అని మోకాళ్ల మీద..."

ధడేల్మంది.

ఆర్డిత్ కప్పు పక్కకి జరిపి, లేచి బయటికి వెళ్లింది. ఆమె కారు గాలి పంపు దగ్గర ఆపి ఉంది. డెల్మార్ పికప్ వెనకవైపు ఇప్పుడు దాని వెనక చక్రం మీద ఉంది.

మేమూ వెళ్లాం. రేకు లోపలికి నొక్కుకుపోయి టైరుకి ఒరుసుకుంటోంది. వెండెల్ వంగి, కారుని కాస్త కదిపి చూసి, తల అడ్డంగా ఊపాడు. ట్యాంకర్ డ్రైవర్ కూడా దిగొచ్చి చూశాడు. డెల్మార్ బండి దిగి, తన బంపర్ తుడిచాడు.

"ఏం కాలేదు," అన్నాడు. "చిన్న గీత."

"చక్రం తిరగడంలేదు డెల్మార్," అంది ఆర్డిత్.

"మా షెడ్డులో సుత్తి ఉంది. రెండు దెబ్బలు కొడితే లేచొస్తుంది. మనలో మనకి కంపెనీ దాకా ఎందుకు?"

ఆర్డిత్ అతని ముఖంలోకి చూసింది. ఏళ్ల తరబడి బస్సు అద్దంలోంచి వెనక సీట్ల పిల్లల్ని చూసినదానిలాగా చూసింది. గొంతు మాత్రం పెంచలేదు.

"గాల్లో ఆవుకి ఇప్పించావు," అంది. "నేల మీద నాకు ఇప్పించు. నేను ఆవుకంటే తీసిపోయానా?"

ట్యాంకర్ డ్రైవర్ ఏమీ అర్థంకాక నా వైపు చూశాడు. నేను భుజాలెగరేశాను. డెల్మార్ నోరు తెరిచాడు. ఆ నోరు తెరుచుకోవడమూ, అందులోంచి ఏమీ రాకపోవడమూ నేను చూడటం అదే మొదలు.

మళ్లీ లోపలికొచ్చి కూర్చున్నాం. అతను తన కప్పు వైపు చూస్తూ, మెల్లగా అన్నాడు. "ఆర్డిత్, ఇది మూడోది. రెండు అయ్యాక, ఇంకొక్కటి పెడితే నన్ను వదిలేస్తారని వర్జిల్ చెప్పాడు. వీళ్లు వదిలేస్తే ఇంకెవరూ మామూలు రేటుకి తీసుకోరు. తీసుకున్నా పీల్చేస్తారు."

"ముందు రెండూ ఏంటి?" అన్నాడు వెండెల్.

"బాప్టిస్టుల చర్చి ముందు టపా పెట్టె ఒకటి."

"రెండోది?"

"బెవర్లీ కారు." కప్పుని కాస్త తిప్పి, "మా వాకిట్లోనే," అన్నాడు. "ఆగి ఉంది."

ఎవరమూ నవ్వలేదు. నవ్వు రాక కాదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఈ మూడు ఖాతాలూ, కుండా, ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే ఇచ్చేదీ, ఇవన్నీ ఇతనికి ఇంత బాగా ఎక్కణ్ణించి తెలుసా అని నేను ఎన్నోసార్లు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు తెలిసింది. వర్జిల్ ఎదురుగా కుర్చీలో కూర్చుని, రేటు పెరిగినప్పుడల్లా ఒక్కొక్కటీ నేర్చుకున్నాడు.

"నీ మీద నాకు కోపం లేదు," అంది ఆర్డిత్. "నా కంపెనీకి చెప్పినా ఒకటే. వాళ్లు ముందు నాకిచ్చి, తర్వాత నీ కంపెనీ మీద పడతారు. ఎటు తిరిగినా నీ దగ్గరికే వస్తుంది, మధ్యలో నాకు నాలుగు రోజులు పోతాయి. రేపు మైలో కార్నీ వెళ్లాలి. ఒక్క రోజు తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, రెండు తప్పితే ఊపిరి అందదు. నీ రేటు కోసం అతని ఒళ్లు ఆగదు డెల్మార్. బాగయ్యేదాకా నాకు వేరే కారు ఇప్పించడం కూడా మీవాళ్ల పనేనట. నువ్వు చేస్తావా ఫోను, నేను చెయ్యనా?"

"రేపు నేను దిగబెడతాగా మైలోని. నా బండిలో."

జవాబు వెండెల్ చెప్పాడు. "నీ బండిలోనా? మెత్తగా నడుపుతావు కదా. ఎల్లుండికి చేరతారు."

రొక్సాన్ కౌంటర్ మీద మోచేతులానించి ఇదంతా వింటోంది. పార్కింగ్‌లోకి చూసింది, అక్కడ ఆర్డిత్ కారు పక్కన తన కారు కూడా ఉంది. చేతి దూరంలో. "నేనేదీ తీయించట్లేదు," అంది, ప్రత్యేకంగా ఎవరికీ కాదు. "వెండెల్ గారు చెప్పినట్టు నా వాటా పెంచమని అడుగుతా, అంతే. ఇక్కడ పార్క్ చేసినన్నాళ్లూ మిగతావన్నీ ఉండాల్సిందే."

డెల్మార్ జేబులోంచి ఫోను తీశాడు. దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. వర్జిల్‌కి చేస్తాడనుకున్నాం, కాని వర్జిల్ గొంతు వినడానికి ఇష్టం లేనట్టుంది, నేరుగా కంపెనీకే చేశాడు. అతనికి చెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఎప్పుడూ ఫోను బల్లమీద పెట్టి, గట్టిగా వినపడేట్టు పెట్టుకుంటాడు. ఈసారి అలా పెట్టాలా వద్దా అని తటపటాయించి, వేరే దారి లేక పెట్టాడు. చాలాసేపు సంగీతం వచ్చింది. తర్వాత ఒక అమ్మాయి మాట్లాడింది. చిన్నపిల్లే, మర్యాదస్తురాలు. పేరడిగింది. చెప్పాడు. పాలసీ నంబరడిగింది. చూడకుండానే చెప్పాడు.

"ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి సార్," అందా అమ్మాయి. "తొందరేం లేదు, వివరంగా చెప్పండి."

బల్ల చుట్టూ మేమంతా ముందుకి వంగాం. డెల్మార్‌ని వివరంగా చెప్పమని అడిగిన మనిషిని మేం ఇదివరకెప్పుడూ చూడలేదు.

"వెనక్కి తీస్తున్నా," అన్నాడు. "వెనక్కి చూడలేదు. కారుకి తగిలింది."

"ఆ కారు కదులుతోందా సార్?"

"లేదు. ఆగి ఉంది."

"అందులో ఎవరైనా ఉన్నారా?"

"లేరమ్మా. ఆవిడ లోపల కూర్చుని ఉంది. నా మాటలు వింటోంది."

టకటకమని టైపు కొట్టుకుంటున్న చప్పుడు వినపడింది. ఆర్డిత్ కాఫీలో పాలు పోసుకుని కలుపుకుంటోంది.

"ఇంకొక్కటే సార్," అందా అమ్మాయి. "అప్పుడు వాతావరణం ఎలా ఉంది? గాలి, వాన, అలాంటిదేమైనా ఉందా?"

డెల్మార్ కిటికీలోంచి బయటికి చూశాడు. బంకు ముందు జెండా స్తంభానికి అతుక్కుని వేలాడుతోంది, ఒక్క అంచు కూడా కదలడంలేదు. చాలాసేపు చూశాడు.

"ఏం లేదమ్మా," అన్నాడు. "ఎండ."